అద్దాల పెట్టెలో అరకు

రెంటచింతల ఎండ తిన్నవాడికే చలి విలువ తెలుస్తుంది. మే నెలలో మా పల్నాడు నాపరాళ్ల గచ్చు మీద కాలు ఆనదు. చీకటి పడ్డా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. వాకిట్లో నీళ్లు చల్లి నవారు మంచం వాల్చుకున్నా కునుకు పట్టేది తెల్లారుజామునే. అలాంటివాళ్లం అరకు పోతే ఎట్లుంటుందో ఆలోచించండి.

నరసరావుపేటలో మీటరుగేజీ బండెక్కి, గుంటూరులో మారి, బెజవాడలో మారి, విశాఖలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజరు పట్టుకునేవాళ్లం. జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడానికి 1960లలో వేసిన లైను అది. మనుషుల్ని ఎక్కించుకోవడం దానికి అదనపు పని. శివలింగపురం దాటితే ఘాట్. త్యాడ వచ్చేసరికి కిటికీలో గాలి రకమే మారిపోయేది. పచ్చాకు వాసన, తడిమట్టి వాసన. సొరంగం వచ్చిందంటే పిల్లలు కేకలు, పెద్దలు ట్రంకు పెట్టెలో దుప్పటి కోసం వెతుకులాట.

ఇప్పుడేమో 2017 నుంచి అద్దాల పెట్టె. బాగానే ఉంది, పైకప్పులోంచి కూడా కొండ కనపడుతుంది. కానీ తలుపులన్నీ బిగించి లోపల ఏసీ! ఇంట్లో ఏసీ, కారులో ఏసీ, కొండెక్కే రైల్లోనూ ఏసీ. ఇక అరకు గాలి ఎవడికి తగలాలి? దసరా సెలవుల్లో వెళ్తే, గదిలో ఏసీ లేదేంటని మా మనవడు లాడ్జీ కుర్రాడితో పోట్లాట పెట్టుకున్నాడు. కిటికీ తియ్యరా నాయనా అంటే దోమలట.

పద్మాపురం తోట రెండో ప్రపంచయుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టింది. ఇప్పుడక్కడ బొమ్మరైలు దగ్గరే జనమంతా. వలిసె పూల చేలల్లో ఫొటోకు మనిషికింత అని వసూలు. రైతును మాత్రం నేననను. పసుప్పచ్చని చేలో పడి పొర్లాడితే ఆ గింజ ఎవడిస్తాడు?

కాఫీ దగ్గర నా నోరు పెగలదు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్క, ఆ చెట్టుకే పాకిన మిరియాల తీగ. ఆదివాసీ రైతు పండించిన ఆ గింజకు 2017లో పారిస్‌లో కొట్టు వెలిసింది, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా మిర్చి రైతు ఇంకా యార్డులో టిక్కీల పక్కన కూర్చుని ధర కోసం కళ్లల్లో వత్తులేసుకుంటున్నాడు. తమాషా ఏందంటే, మా పల్నాడు జిల్లా, అరకు ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లా ఒకే రోజు పుట్టాయి, 2022 ఏప్రిల్ 4న. పుట్టినరోజు ఒకటే, జాతకాలే వేరు.

వచ్చే ఏడు మామూలు ప్యాసింజరుకే టికెట్లు తియ్యమని మనవడికి చెప్పాను.

“అందులో ఫోన్ చార్జింగ్ పెట్టుకోడానికి ఉంటుందా తాతయ్యా?” అన్నాడు.