ధరచీటీ మీది ఆయకట్టు

దామరచర్లలో అంకెలకు కరువు లేదు. వీర్లపాలెం పక్కన యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. యూనిట్‌కు 800 మెగావాట్లు, ఐదు యూనిట్లు, వెరసి 4,000. బడికి పోయే పిల్లవాడు వేళ్ల మీద తేల్చేసే లెక్క. అదే పిల్లవాడు ఇంటర్ దాటి ఇంజినీరింగ్‌లో చేరి, తండ్రిని వెంటబెట్టుకుని మిర్యాలగూడ వెళ్లి ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డాడా, కూడికలు తలకిందులవుతాయి. యంత్రం మూతకు అంటించిన ధరచీటీ మీద 8 జీబీ ర్యామ్ అని ఒక వరుస, 4 జీబీ గ్రాఫిక్స్ అని ఇంకో వరుస. ఎనిమిదీ నాలుగూ పన్నెండు కావాలి. అడుగు బిళ్ల విప్పి చూస్తే లోపల 8 జీబీ ముక్క ఒక్కటే పడుకుని ఉంటుంది.

"మరి ఆ నాలుగు ఏడుంది బిడ్డా?" అంటాడు తండ్రి.

"అండ్లనే ఉంది పెద్దాయనా. ఇన్‌బిల్ట్."

ఆ ఒక్క మాటతో బేరం తెగిపోతుంది. తండ్రి తల ఊపుతాడు. అందులోనే ఉందన్నది నిజమే మరి. దేంట్లో ఉందని మాత్రం ఎవరూ అడగరు.

ప్రాసెసర్‌తో కలిసి పుట్టిన గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ అంటూ ఏమీ ఉండదు. ఇది నిన్నా మొన్నా మొదలైన పేదరికం కాదు. 1999లో ఇంటెల్ 810 చిప్‌సెట్ నాటికే బొమ్మ గీసే పనిని మదర్‌బోర్డుకు అప్పజెప్పి, కావలసిన జాగా ర్యామ్‌లో చూసుకొమ్మన్నారు. 2011లో శాండీ బ్రిడ్జ్ వచ్చాక గ్రాఫిక్స్ కూడా ప్రాసెసర్ ఉన్న సిలికాన్ పలుకు మీదికే చేరింది. ఇల్లు మారింది గానీ మెమరీ మాత్రం ఉమ్మడిగానే ఉండిపోయింది. ఇందులో తప్పేమీ లేదు. ధర తగ్గుతుంది, బ్యాటరీ నిలుస్తుంది, భూభారతిలో పాస్‌బుక్ చూసుకోవడానికీ యూట్యూబ్‌లో సినిమా చూడటానికీ బ్రహ్మాండంగా సరిపోతుంది. పంచుకోవడం నేరమని ఎవరన్నారు? పంచుకున్నదాన్ని సొంత ఆస్తిగా చీటీ మీద ఎక్కించడం దగ్గరే పేచీ.

ఆ 4 ఎలా పుట్టిందో సాగర్ ఎడమకాలువ చివరి భూముల రైతుకు విప్పి చెప్పనక్కర్లేదు. ఆయకట్టు రికార్డులో అతని రెండెకరాలూ ఉంటాయి. ఆ కాగితం అబద్ధం కాదు. నీళ్లు మాత్రం పైతూముల వాళ్ల మడులు నిండి ఏమైనా మిగిలితేనే వస్తాయి. విండోస్ కూడా అచ్చంగా అలాంటి రికార్డే రాస్తుంది. ఉన్న ర్యామ్‌లో సుమారు సగం దాకా గ్రాఫిక్స్ వాడుకోవచ్చని ఒక హద్దు గీస్తుంది. ఎనిమిదిలో సగం నాలుగు. అది పక్కన తీసి దాచిన నాలుగు కాదు, అంతకు మించి ఇవ్వనని గీసిన గీత. విండోస్ లేచి కూర్చునేసరికే కొంత పోతుంది, బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఇంకొంత పోతుంది. చివరి తూము దగ్గర గ్రాఫిక్స్ మహాశయుడు రికార్డు చేతపట్టుకుని నిలబడి ఉంటాడు.

ఇక యంత్రాన్నే అడిగి తేల్చుకుందామనుకునే అమాయకుడి కథ చూడండి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడాప్టర్ లక్షణాలు తెరిస్తే ఈ లెక్కలు కనిపిస్తాయి. మొత్తం గ్రాఫిక్స్ మెమరీ నాలుగు జీబీ చిల్లర, అంకితమైన వీడియో మెమరీ 128 ఎంబీ, షేర్డ్ నాలుగుకు కాస్త తక్కువ. సరే, టాస్క్ మేనేజర్‌ను అడుగుదామంటే అది 128 ఊసే ఎత్తదు, షేర్డ్ ఒక్కటే చూపి ఊరుకుంటుంది. విండోస్‌లోనే వీడియో కార్డు మెమరీ చెప్పే పాత గడి ఒకటుంది. అది 32 బిట్లది కాబట్టి సొంతంగా 8 జీబీ మోసుకొచ్చిన ఖరీదైన కార్డును సైతం నాలుగుకు మించనివ్వదు. సొంతం ఉన్నవాడికి సగం కోత, లేనివాడికి చీటీ మీద పట్టాభిషేకం. ఒకే ఇంట్లో ఇన్ని పంచనామాలు రెవెన్యూ శాఖ కూడా రాయలేదు.

ఆ 128 ఎంబీ సంగతి మరీ రసవత్తరం. ఇంటెల్ చిప్‌కు అంకితమైన మెమరీయే లేనప్పుడు 128 ఎక్కడిది? పాతకాలపు ఆటలు, సాఫ్ట్‌వేర్లు కొన్ని మొదలయ్యే ముందు "నీకు సొంత వీడియో మెమరీ ఎంత?" అని అడుగుతాయి. సున్నా అని నిజం చెబితే గడప దాటనివ్వవు. అందుకని డ్రైవర్ చెప్పే మర్యాదపూర్వకమైన అబద్ధం అది. పెళ్లిచూపుల్లో అబ్బాయికి పొలం ఎంతని అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు లాంటిదని అనబోయాను గానీ, ఆ అబ్బాయికి ఎంతోకొంత పొలం ఉండే అవకాశమైనా ఉంది.

ఈ గుట్టు తెలిసిన హాస్టల్ కుర్రాళ్లు ఇంకో మెట్టు ఎక్కారు. రిజిస్ట్రీలో ఇంటెల్ కింద జీఎంఎం అని ఒక గది తెరిచి, డెడికేటెడ్ సెగ్మెంట్ సైజ్ అన్నచోట 512 అని కొట్టి రీస్టార్ట్ చేస్తారు. ఇప్పుడు అంకితమైన మెమరీ 512! ఆట గుమ్మం దగ్గర సలాం కొట్టి లోపలికి పంపిస్తుంది. లోపలికి వెళ్లాక మాత్రం నిన్న నత్తలా నడిచింది ఇవాళా అలాగే నడుస్తుంది. మారింది అంకె ఒక్కటే, మెమరీలో ఒక్క బైటూ పెరగలేదు. పైగా 512 దాటి రాస్తే చెల్లదు. అబద్ధానికీ ల్యాండ్ సీలింగ్ పెట్టారన్నమాట.

ఏఎండీ వాళ్ల పద్ధతి కొంచెం వేరు. చాలా యంత్రాల్లో బయోస్ నుంచే గ్రాఫిక్స్‌కు 512 ఎంబీ, ఒక జీబీ, రెండు జీబీలు కోసి పక్కన పెట్టేస్తారు. అలా కోసినది నిజంగానే అంకితం, దొంగలెక్క కాదు. అందుకే కొన్న మర్నాడు కుర్రవాడు సెట్టింగ్స్ తెరిచి 8 జీబీ పక్కన వాడుకోదగ్గది 5.9 అని చూసి, ర్యామ్ ముక్క ఎవరో కొట్టేశారని దుకాణానికి పరుగెత్తుతాడు. నిజం చెప్పిన యంత్రానికే ఫిర్యాదులు ఎక్కువ.

అసలు చీటీ మీదికి ఎప్పుడూ ఎక్కని అంకె ఒకటుంది: మెమరీ ఎంతుందని కాదు, ఎంత వేగంగా పారుతుందని. డీడీఆర్4-3200 ముక్క ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ పారుతుంది. రెండు ముక్కలుంటే 51.2. ఆ పారేదాన్ని ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఇద్దరూ పంచుకోవాలి. జీడీడీఆర్5 మెమరీతో వచ్చిన జీటీఎక్స్ 1650 కార్డులో ఉన్నదీ 4 జీబీయే, కానీ అక్కడ సెకనుకు 128 జీబీ పారుతుంది, అదీ ఒక్కడి కోసమే. చీటీ మీద ఇద్దరూ 4 జీబీయే, కవల పిల్లలే. లోపల ఐదు రెట్ల తేడా.

ఈ ఒక్కచోట మాత్రం యంత్రం నిజం కక్కేస్తుంది. ఇంటెల్ 11వ తరం కోర్ ఐ5 ల్యాప్‌టాప్‌ను ఒకే ర్యామ్ ముక్కతో అమ్మితే, డ్రైవర్ దాని ఐరిస్ ఎక్స్‌ఈ బిరుదు పీకేసి ఉత్త యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపిస్తుంది. రెండో ముక్క వేయగానే బిరుదు తిరిగొస్తుంది. చిప్ అదే, పేరు మాత్రం ర్యామ్ ముక్కలను బట్టి.

మన కౌంటర్లనే తిట్టడం అన్యాయం. ఈ విద్య పైనుంచి దిగివచ్చింది. 2004 డిసెంబర్‌లో ఎన్విడియా టర్బోక్యాష్ అని తెచ్చింది. కార్డు మీద 16 ఎంబీ పెట్టి, మిగతాది కంప్యూటర్ ర్యామ్‌లో లాగుకునే ఏర్పాటు చేసి, 128 ఎంబీని సపోర్ట్ చేస్తుందని అమ్మారు. అదే కంపెనీ 2014లో అమ్మిన జీటీఎక్స్ 970లో నాలుగు జీబీలూ కార్డు మీదే ఉన్నాయి గానీ, చివరి అర జీబీ కుంటి నడక. అమెరికాలో కొన్నవాళ్లు కోర్టుకెక్కితే 2016లో కార్డుకు 30 డాలర్లు ఇచ్చి రాజీపడ్డారు. యాపిల్ 2020లో ఎం1 తెచ్చినప్పుడు ఇదే ఉమ్మడి మెమరీకి వేగం పెంచి, యూనిఫైడ్ అని పట్టుచీర కట్టి, ధర కూడా అందుకు తగ్గట్టే పెట్టింది. ఫోన్ల వాళ్లు 8+8 అని రాసి స్టోరేజీని ర్యామ్ ఖాతాలో వేస్తుంటే మనం సెల్ఫీ దిగుతున్నాం.

అడిగే ప్రశ్నలు మారితే చీటీలూ మారతాయి. ర్యామ్ ఒక ముక్కా, రెండా? రెండో స్లాట్ ఖాళీగా ఉందా, అసలు స్లాట్ ఉందా, ర్యామ్‌ను బోర్డుకే అంటించేశారా? గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉంటే బిల్లు మీద కార్డు పేరు రాసిస్తారా? మొన్న ఒక తండ్రి బిల్లు మీద రాసిమ్మని పట్టుబడితే కౌంటర్ వెనకాల కాసేపు గుసగుసలు నడిచాయట.

"పెద్దాయనా, గా నాలుగు కంపెనోళ్లు రాసింది కాదు. మా పిలగాడు రాసిండు. ఆ చీటీ చింపేయమంటరా?"