చిన్న చేపకు తగ్గ కర్ర

నేను మూడో నంబరు ఫ్లై రాడ్‌ని, చేపలు పట్టే కర్రని. ఏడు అడుగుల పొడవు, నాలుగు ముక్కలు, డెబ్బై గ్రాముల లోపు బరువు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఓ అపార్ట్‌మెంట్‌లో భోజనాల బల్ల మీద తయారయ్యాను. నన్ను చేసినామె సాఫ్ట్‌వేర్ టెస్టర్. రాత్రి కాల్స్ అయిపోయి లాప్‌టాప్ మూశాక, నిద్ర వచ్చేదాకా దొరికే ఆ కాస్త సమయంలో నన్ను కొంచెం కొంచెంగా కట్టింది. పెద్ద చేపల కోసం కాదు, పరిగెల కోసం, జిలేబీ చేపల కోసం. మన చెరువుల్లో అరచేతిలో ఇమిడే ఆ చేపలే నా పుట్టుకకు కారణం. అది నాకు గర్వకారణం.

ఆమెది కరీంనగర్ వైపు పల్లె. చిన్నప్పుడు బాపు వెంట చెరువు కట్టకు పోయేది. సన్న కంక బొంగు, దానికో దారం, జొన్న బెండు, వానపాము ఎర. పరిగె కొరికితే ఆ వణుకు నేరుగా వేళ్లకు తెలిసేది. ఉద్యోగంలో చేరాక దుకాణంలో కొన్న రాడ్ మాత్రం కిలోల కొద్దీ తూగే బొచ్చెను గట్టుకు లాగడానికి చేసినది. దానికి పరిగె పడితే పడినట్టే తెలియదు. చేపలో బలం లేక కాదు, ఆ బలాన్ని పలికించే కర్ర లేక. అప్పుడే నన్ను చేసుకోవాలన్న ఆలోచన ఆమెకు కలిగింది.

మన దేశంలో ఫ్లై ఫిషింగ్ అనగానే హిమాలయ నదుల మహసీర్, కాశ్మీర్ ట్రౌట్, నీలగిరుల వాగులు గుర్తొస్తాయి. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాసినప్పుడు మహసీర్‌కే పెద్దపీట వేశాడు. అయితే ఆయనే 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' పేరుతో కేవలం చెరువుల్లో గాలం వేయడం గురించి మరో పుస్తకం తెచ్చాడు. ఇంకా వెనక్కి పోతే, 1130 ప్రాంతంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజుల వినోదాల సరసన మత్స్యవినోదాన్ని చేర్చి, ఏ చేపకు ఏ మేత వేయాలో వివరంగా చెప్పాడు. ఆ కల్యాణి నేటి బసవకల్యాణ్, బీదర్ జిల్లాలో ఉంది. అంటే దక్కన్ నేల మీద గాలం పట్టడం ఎవరో తెచ్చిపెట్టిన సరదా కాదు, తొమ్మిది వందల ఏళ్ల కిందటే శాస్త్రంగా రాసిపెట్టుకున్న విద్య.

నా ఒళ్లు కార్బన్ ఫైబర్. కొసకు పోయేకొద్దీ సన్నబడే ఉక్కు కడ్డీకి జిగురు పట్టిన కార్బన్ గుడ్డ చుట్టి, పైన టేపు బిగించి, పొయ్యిలో కాల్చి, కడ్డీని లాగేస్తే మిగిలే బోలు గొట్టాన్ని నేను. ఈ పదార్థం హైదరాబాద్‌కు కొత్తది కాదు. అగ్ని క్షిపణి కోసం ఇక్కడి రక్షణ పరిశోధన శాలలో తేలికైన కార్బన్ పదార్థం తయారవుతున్న రోజుల్లో, నిమ్స్ ఎముకల వైద్యుడొకరు దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ తేలికదనానికి ఆశ్చర్యపోయి, అబ్దుల్ కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలు దాటిన ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. వాళ్ల కోసం సుమారు 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. బరువు తగ్గితే మనిషికి ఏం తిరిగొస్తుందో ఈ నగరం అప్పుడే చూసింది. నేనూ ఆ జాతి వస్తువునే.

పార్సిల్‌లో వచ్చినప్పుడు నేను వట్టి గొట్టం ముక్కలను. ముందుగా ఆమె ఒక్కో ముక్కనూ బల్లకు ఆనించి, అరచేత్తో నొక్కుతూ దొర్లించింది. గుడ్డ చుట్టలో ఒక పక్క మందం ఎక్కువ ఉంటుంది కనుక అటు వైపు బిరుసుగా ఎదురుతిరుగుతుంది. ఆ వెన్ను ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, దాన్నిబట్టే దారం నడిచే వైరు రింగులకు చోటు నిర్ణయించింది. పిడికి కార్కు బిళ్లలు ఒకదానికొకటి అంటించి, డ్రిల్ మెషీన్‌ను బల్లకు బిగించి తిప్పుతూ, ఉప్పుకాగితంతో తన పిడికిలికి సరిపడేలా అరగదీసింది. బజారులో దొరికే పిడి ఆమె చేతికి లావు. మధ్య మధ్య ఆపి, పట్టుకుని, కళ్లు మూసుకుని చూసేది. బొటనవేలు ఆనే చోట కాస్త పల్లం చేసింది. ఆ పల్లం ఆమెది, మరొకరి వేలికి కుదరదు.

రీలు కూర్చునే చోట అంకుడు కర్ర ఉంది. శిల్పారామం స్టాల్‌లో ఏటికొప్పాక బొమ్మలు అమ్ముతున్న కళాకారుణ్ని అడిగి ప్రత్యేకంగా చేయించింది. ఆ కర్రను మరమీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. అందుకే నా అడుగు భాగానికి మొక్కల రంగు కలిపిన లక్క మెరుపు వచ్చింది.

అన్నిటికన్నా ఓపిక అడిగింది దారం చుట్టి ఆ రింగులను నా ఒంటికి బిగించడం. ఒక్కో రింగు పాదాన్ని ముందు ఆకురాయితో కత్తి అంచులా పలచన చేయాలి, లేకపోతే దారం దాని మీదికి ఎక్కేచోట సందు మిగులుతుంది. పట్టు దారపు రీలును గ్లాసులో వేసి, దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాగితే కావలసిన బిగువు దొరికింది. నన్ను రెండు చేతులతో తిప్పుతుంటే దారం పోగు పక్కన పోగుగా పడుతూ వచ్చేది. పది చుట్లకోసారి గోటితో నొక్కి దగ్గరకు చేర్చేది. చివర్లో ఒక దారపు ఉచ్చును చుట్ల కింద పెట్టి, కొసను అందులో దూర్చి లాగితే ముడి లేకుండానే కొస లోపలికి వెళ్లి దాక్కుంటుంది. ఆ పైన రెండు సీసాల రెసిన్ సమపాళ్లలో కలిపి పూత వేసింది. రెసిన్ తగలగానే పట్టు పారదర్శకమై రంగు ముదురుతుంది. తునక మీద ముందే చూసుకుంది కనుక తనకు కావలసిన ముదురు రంగే నాకు వచ్చింది. తడి పూత ఒక పక్కకు జారకుండా, పాత మైక్రోవేవ్‌లో పళ్లెం తిప్పే మోటారుకు నన్ను తగిలించి, దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపి, గట్టిపడేదాకా తిప్పుతూనే ఉంచింది.

పండక్కి వచ్చిన బాపు నన్ను చేతిలోకి తీసుకుని ఊపి చూశాడు.

"ఇంత తేలికగుంది, చేప గుంజితే ఇరగదా బిడ్డా?"

"ఇరగదు బాపూ, వంగుతది. వంగుకుంటనే దాని జోరంత గుంజుకుంటది."

ఆమె చెప్పింది నిజం. మామూలు గాలంలో దారాన్ని ముందుకు తీసుకెళ్లేది సీసపు గుండు. నా దగ్గర గుండు ఉండదు. ఎర స్థానంలో ఉండే ఫ్లైకి బరువే లేదు. నాటు కోడిపుంజు మెడ ఈకలు చిన్న కొక్కేనికి చుట్టి కట్టిన బొమ్మ పురుగు అది. బరువంతా దారానిదే. మూడో నంబరు అంటే ఆ దారం మొదటి ముప్పై అడుగులు 100 గ్రెయిన్లు, అంటే సుమారు ఆరున్నర గ్రాములు తూగాలి. ఆ ఆరున్నర గ్రాములకే నేను వంగాలి, ఠక్కున ఆగినప్పుడు తిరిగి నిటారుగా నిలవాలి. అప్పుడు దారం బండి తోలేవాడి చర్నాకోల కొసలా మెలిక విప్పుకుంటూ ముందుకు సాగి, ఫ్లైని నీటి మీద చప్పుడు లేకుండా దించుతుంది.

ఈ విద్యను ఆమె మేడ మీద సాధన చేసింది. కొక్కెం బదులు ఎర్ర ఊలు ముక్క కట్టుకునేది. అక్కడి నుంచి దుర్గం చెరువు, 2020లో తెరిచిన తీగల వంతెన కనిపిస్తాయి. కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు అది. నేను దానివైపు చూసినప్పుడల్లా నీటి గురించే ఆలోచిస్తాను. చేప పైకి లేచి పురుగును అందుకుంటేనే నాకు పని. మురుగు చేరి నీటిలో ప్రాణవాయువు తగ్గితే మొదట పోయేవి సున్నితమైన పురుగులే, వాటి వెనకే చేప. చెరువును కాపాడటమంటే చుట్టూ లైట్లు పెట్టడం మాత్రమే కాదు, నీటిలో పురుగు బతికేలా చూడటం.

నా మొదటి పని శంకర్‌పల్లి దాటాక ఓ ఊరి చెరువులో. చెరువులో చేప మీద హక్కు అక్కడి మత్స్యకారుల సహకార సంఘానిది. ముందు వాళ్లను అడిగింది. పట్టింది తిరిగి నీళ్లలోనే వదులుతానని, ముల్లు నొక్కేసిన కొక్కెమే వాడతానని చెప్పింది. తొలకరి పడిన సాయంత్రం. పుట్టల్లోంచి లేచిన ఉసుళ్లు నీటి మీద రాలుతున్నాయి. ఎక్కడికక్కడ చేపలు మూతి పెడుతుంటే నీళ్ల మీద సుడులు. ఆమె ఉసుళ్ల రంగు ఈకలతో కట్టిన ఫ్లైని ఆ సుడుల మధ్యకు పంపింది. కొస వంగింది, ఆ వంపు నా నాలుగు ముక్కల్లోంచి దిగి కార్కు దాకా వచ్చింది. వెండి పొలుసుల పరిగె. చెయ్యి తడిపి పట్టుకుని, కొక్కెం తీసి వదిలింది. చెరువు కట్ట మీద బాపు పక్కన నిలబడ్డప్పుడు వేళ్లకు తెలిసిన వణుకునే ఆ సాయంత్రం నేను ఆమెకు తిరిగి ఇచ్చాను.

చిన్న చేపను చిన్నచూపు చూడటం చేపను బట్టి కాదు, పట్టే కర్రను బట్టి వస్తుంది. ఎదుటి ప్రాణి బలానికి తగినంత మాత్రమే బలం తెచ్చుకుంటే ఏ చెరువైనా గొప్ప చెరువే. నేను నేర్చినది ఇదొక్కటే, నేను నమ్మేదీ ఇదే.

ఇప్పుడు ఆమె బాపు కోసం ఇంకో కర్ర మొదలుపెట్టింది, కార్బన్‌తో కాదు, వెదురుతో. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో వెదురును ఆరు బద్దలుగా చీల్చి, కోణాలు దిద్ది, అంటించి ఫ్లై రాడ్లు చేసినవాళ్లు మొదట వాడింది కలకత్తా రేవు నుంచి ఎగుమతైన వెదురునే. తరవాత చైనా వెదురు దాని చోటు తీసుకుంది. ఆ కలకత్తా వెదురు మన అడవుల్లో పెరిగే సాధనపు వెదురే. బద్దలు బల్ల మీద ఆరుతున్నాయి. బాపు పిడికిలి కొలత కాగితం మీద గీసి ఉంది. పరాయి ఊరి పేరుతో సముద్రాలు దాటి ట్రౌట్లను పట్టిన ఆ వెదురు, ఈసారి కరీంనగర్ పల్లె చెరువులో పరిగె కోసమే వంగబోతోంది.