ముత్తుకూరు మేకను నేను

నాకు పై దవడన ముందు పళ్లుండవు. అడవిలో చుక్కల దుప్పికీ అంతే. ఆకును కింది పళ్లతో పైచిగురుకు అదిమి తుంచుకుంటాం. నాతో ఒకే దొడ్లో పడుకునే నెల్లూరు గొర్రె తలొంచి గడ్డి కొరుకుతుంది. నేను తలెత్తి చిగురు వెతుకుతాను. ముళ్ల మధ్యనున్న ఒక్క లేతాకునైనా పెదవితో లాగేయగలను.

మేక మేయని ఆకు లేదంటారు. అది నిజం కాదు. అడ్డసరం మేము ముట్టం. తంగేడూ అంతే, దాని పచ్చటి పూలు మా కళ్లముందే విరగబూస్తాయి. రేగు చిగురు, బలుసాకు కనబడితే మాత్రం ఆగలేం. ఉప్పుటేటి గట్టు మీద ఒక బలుసు పొద ఉంది. నా మోకాలెత్తే ఉంటుంది గాని, మొదలు చూస్తే ముదురు చెట్టు. కొన తుంచితే పక్కన రెండు చిగుళ్లు వేస్తుంది, మర్నాడు వాటినీ తుంచేస్తాం. అది పూత పూసింది లేదు, కాయ కాసింది లేదు, పక్కన పిల్లమొక్క లేచింది లేదు. ఇష్టమైన మొక్క అలా తరిగిపోతుంటే, ఇష్టంలేనిది ఆ చోటంతా ఆక్రమిస్తుంది.

అలా ఆక్రమించిందే చిల్లకంప, అంటే సర్కారు తుమ్మ. అమెరికా ఖండం చెట్టది. 1877 నాటికే కడప సీమలో కమలాపురం దగ్గర నాటారు. దాని ఆకు మాకు గిట్టదు, కాయ మాత్రం తియ్యన. ఎండాకాలంలో ఇంకేం దొరకనప్పుడు ఆ కాయలే మాకు తిండి. వాటినే నమ్ముకుని రోజులతరబడి తింటే దవడలు పట్టుతప్పుతాయి. గట్టి గింజలు కొన్ని అరక్కుండా పెంటికల్లో పడతాయి, వానకు మొలుస్తాయి. ఆ నీడన రేగు పిల్ల బతకదు.

దుప్పుల కథా ఇదే. అండమాన్‌కు తెల్లదొరలు చుక్కల దుప్పుల్ని తెచ్చి వదిలారు. అక్కడ వాటిని వేటాడే జంతువే లేదు. ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పాకాయి. పెద్దచెట్లు నిలిచే ఉన్నాయి, కాని వాటి కింద రేపటి చెట్లయ్యే పిల్లమొక్కలు పలచబడ్డాయి. ఆ పొదల్లో తిరిగే బల్లులు కూడా తగ్గాయని పరిశోధకులు లెక్కతేల్చారు. పైనుంచి చూసేవాళ్లకు అడవి పచ్చగానే కనబడుతుంది, అదే నాకు బాధ.

అలాగని మేసే జంతువు ఉండకూడదని కాదు. ఒకచోట కాస్త మేసి, ముందుకు సాగిపోయే మంద ఏపుగా పెరిగినవాటిని తగ్గిస్తుంది, కింద చిన్నమొక్కకు వెలుగు పడుతుంది, రకరకాల విత్తనాలు దూరం పోతాయి. పూర్వం మా మందలు అలాగే తిరిగేవి. ఇప్పుడు ఒకవైపు రొయ్యల గుంటలు, ఒకవైపు రేవుకు పోయే లారీల రోడ్డు. మధ్యన మిగిలిన పోరంబోకులోకే రోజూ పోతాం, మొక్కకు తేరుకునే వ్యవధి ఇవ్వం.

నన్ను మేపే అవ్వకు ఇది తెలుసు. ఏటి పాటులో మడచెట్ల వైపు నేను మూతి సాచగానే మనవడిని కేకేస్తుంది.

"అబ్బయా, మడలోకి పోనీబాక! పిల్లమొక్కలు కొరికేస్తాయి."

"ఒక్క ఆకే గదా అవ్వా!"

"నీకు ఒక్కాకు. మందకి ఎన్ని?"

మొన్న బొగ్గుబట్టీకని గట్టు మీది చిల్లకంప కొట్టుకుపోయారు. నేల బయటపడింది. అక్కడికి మమ్మల్ని వెంటనే తోలొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వైపు వానలు, ఆ పదును మీద రేగు, బలుసు లేస్తాయి. చిల్లకంప పిల్లలూ లేస్తాయి, వాటిని వేళ్లతో సహా పీకాలి. వెనక్కాళ్ల మీద లేచినా మాకు కొన అందనంత రేగు, బలుసు ఎదిగేదాకా ఆ చోటుకు కంచె కట్టండి, మమ్మల్ని దొడ్లో కట్టి అవిశ మండలు కోసి వేయండి.