సుప్రభాతం... ఇంకో ఐదు నిమిషాలు!

పట్నం నుంచి అరవై కిలోమీటర్లు వచ్చి, తెల్లారేసరికి యాదగిరిగుట్ట క్యూలో నిలబడుతున్నారు జనం. గుట్ట పక్కనే ఉన్న మన భువనగిరి భక్తుడు మాత్రం సెల్‌లో సుప్రభాతం అలారం పెట్టుకుంటాడు. స్వామిని మేల్కొలిపే పాట మోగగానే దాని నోరు నొక్కేసి తాను పడుకుంటాడు. మధ్యలో దుప్పట్లోంచే నరసింహస్వామి ఫొటో వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపి, పుణ్యం ఖాతాలో వేసుకుంటాడు.

స్వాతి నక్షత్రం వస్తే మాత్రం పూనకమే. ఉపవాసం, గిరిప్రదక్షిణ, మెట్లదారి, అన్నీ ఒక్కరోజే! తర్వాత వారమంతా మోకాళ్లకు జండూబామ్. ఇంట్లో దీపం సంగతంటారా, ‘నువ్వే పెట్టరాదే’ అని మంచంమీది నుంచే భార్యకు పురమాయింపు. 2022 మార్చి 28న కొత్త గుడి తెరిచినప్పటి నుంచీ ‘రేపట్నుంచి రోజూ’ అంటూనే ఉన్నాడు.

అన్నా, గుట్టకు తర్వాత పోదువుగానీ, రేపు ఇంట్లో దీపమన్నా నువ్వు పెట్టు!