పులి ఏ ఫోల్డర్‌లో ఉండాలి?

సాఫ్ట్‌వేర్ వాళ్ళున్న ప్రతిచోటా ఒక సర్దుడు రాయుడు ఉంటాడు. మిర్యాలగూడ రాయుడు హైదరాబాద్ కంపెనీ ఉద్యోగాన్ని ఇంట్లోంచే లాగించేస్తూ, రాత్రి భోజనాలయ్యాక అసలు పనికి కూర్చుంటాడు. అసలు పనంటే పులి-మేక. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. అరుగు మీద బొగ్గుతో గీసుకుని ఆడే ఆటను కంప్యూటర్‌కెక్కించి, కోడ్ అందరికీ తెరిచిపెట్టాడు. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆడుకోవడానికే కాస్త ఇబ్బంది. పులి ఒక్క మేక మీంచే దూకాలి, అవతలి చోటు ఖాళీగా ఉండాలి. ఈయన పులి ఒక్కోసారి ఒకే దూకులో రెండు మేకల్ని మింగేస్తుంది. ఆ సంగతి రాయుడికీ తెలుసు. "చూద్దాం, ముందు స్ట్రక్చర్ సెట్ కానీ" అంటాడు.

అది సెట్ కాదు. మొదట్లో అంతా ఒకే ఫైలు. తర్వాత ‘కోర్’, ‘యూఐ’, ‘యుటిల్స్’ అని మూడు ఫోల్డర్లు. ఎందులోనూ ఇమడనివన్నీ యుటిల్స్‌లో చేరి, చివరికి అదే అన్నిటికంటే పెద్దదైంది. అప్పుడొచ్చింది అసలు ప్రశ్న: పులి బోర్డు మనిషా, నియమాల మనిషా? ఏదీ తేలక పులికో ఫైలు, మేకకో ఫైలు ఇచ్చాడు. మింగాలి గనక పులికి మేక కావాల్సి వచ్చింది. తప్పించుకోవాలి గనక మేకకు పులి కావాల్సి వచ్చింది. ఫైళ్ళు రెండూ ఒకదాన్నొకటి ఇంపోర్ట్ చేసుకుని, ప్రోగ్రామ్ అసలు లేవనేలేదు. ఇద్దరికీ పెద్దమనిషిగా ‘యానిమల్’ అనే మూడో ఫైలు పుట్టుకొచ్చింది.

ఎవరైనా తప్పుబడితే స్టాక్‌ఫిష్ పేరు తీస్తాడు. గ్లౌరుంగ్ అనే ప్రోగ్రామ్ నుంచి 2008లో పుట్టిన చెస్ ఇంజిన్ అది. అక్కడా కోడ్ సర్దుతారు, ‘పనితీరులో మార్పు లేదు’ అని రాసి మరీ పంపుతారు. అయితే మాట మీద వదిలెయ్యరు. ముందే ఎంచిపెట్టిన స్థితుల మీద ఇంజిన్‌ని నడిపి, మొత్తం ఎన్ని నోడ్లు, అంటే ఎన్ని ఆట స్థితులు, వెతికిందో చూస్తారు. సర్దకముందూ సర్దాకా అంకె ఒకటే రావాలి. రాయుడు ఆ వాక్యాన్ని తెచ్చుకుని లెక్కను అక్కడే వదిలేశాడు. అయినా ఆయన విషయంలో అది అక్షరాలా నిజం. పులి ఇప్పటికీ రెండేసి మేకల్ని మింగుతూనే ఉంది.

వాళ్ళ నాయిన రైస్‌మిల్లులో గుమస్తా.

"ఏం జేస్తున్నవ్‌రా ఇంత రాత్రి?"

"రీఫ్యాక్టరింగ్ నాయినా. అన్నీ ఏడియాడ సర్దుతున్న."

"మొన్ననే సర్దితివి గద?"

"అది పాత పద్ధతి."

"మా మిల్లుల జల్లెడ జాగ మారిస్తే ఒకపూట బంద్ వెడ్తం. తెల్లారి వడ్లు వోస్తే బియ్యం రావాలె. నీ దాంట్ల ఏమొస్తది?"

"నీట్‌గ ఉంటది నాయినా."

నాకైతే ఈయన మీద కోపం రాదు. కొత్తగా ఏదైనా రాస్తే తప్పు దొరికిపోతుంది. ఫైలు పేరు మారిస్తే తప్పని ఎవరంటారు? పైగా పని చేసినట్టే ఉంటుంది, ఒళ్ళు కూడా అలుస్తుంది.

సూర్యాపేటలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒకతి, దూకులో ఉన్న తప్పును నాలుగు లైన్లలో సరిచేసి పంపింది. "మంచిగ పనిచేస్తుంది చెల్లె, కానీ రాంగ్ ఫోల్డర్‌ల ఉంది" అని తిప్పి పంపాడు. ఆ అమ్మాయి సరైన ఫోల్డర్‌లో పెట్టి పంపేసరికి ఆ ఫోల్డరే లేదు.

"అన్నా, నేను ఫోర్క్ చేస్కుంట" అంది.

ఇప్పుడు కోదాడ పిల్లలు సెల్లుల్లో ఆడుతున్నది ఆమె కాపీనే. ఈమధ్యే దానికి మొదటి పుల్ రిక్వెస్ట్ వచ్చింది. పంపినవాడు రాయుడు. మారిన ఫైళ్ళు: అన్నీ. కింద ఒకటే లైను: ‘పనితీరులో మార్పు లేదు.’