తాళం వేసితిమి, గొళ్ళెం మరిచితిమి

మొన్న ఒక షాపింగ్ యాప్‌లో పాస్‌వర్డు గుర్తు రాక ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కాను. అర నిమిషంలో మెయిలొచ్చింది. మూడేళ్ళ కిందట నేను పెట్టుకున్న పాస్‌వర్డే, చివరి ఆశ్చర్యార్థకంతో సహా, అక్షరం పొల్లుపోకుండా. నేను మరిచిపోయినా వాళ్ళు మరిచిపోలేదు. ఎంత ఆప్యాయత! మెయిలు అడుగున చిన్నక్షరాల్లో ‘మీ వివరాలు మిలిటరీ గ్రేడ్ ఎన్‌క్రిప్షన్‌తో భద్రం’ అని ఉంది.

పాస్‌వర్డు దాచుకునే వస్తువు కాదు, రుబ్బిపెట్టుకునే వస్తువు. హ్యాష్ అంటే అదే. రుబ్బిన పిండి మళ్ళీ బియ్యం కాదు. మీరు లాగిన్ అయినప్పుడల్లా మీరిచ్చిన బియ్యాన్ని అప్పటికప్పుడు రుబ్బి, పాత పిండితో సరిపోల్చి తలుపు తీస్తారు. అందువల్ల ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసిన సైటు మీ పాస్‌వర్డు మీకు తిరిగి పంపలేదు, దానికే తెలియదు గనక. రుబ్బేటప్పుడు ఒక్కొక్కరి పిండిలో ఒక్కో ఉప్పు వెయ్యాలి. చమత్కారం నాది కాదు, దాని పేరే సాల్ట్. ఇద్దరి పాస్‌వర్డూ ఒకటే అయినా పిండి వేరుగా కనబడాలని ఆ ఏర్పాటు. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి 65 లక్షల హ్యాష్‌లు బయటపడితే వాటిలో ఉప్పు లేదు. అంతకుముందు 2009లో రాక్‌యూ అనే కంపెనీ వాళ్ళయితే రుబ్బడం కూడా దండగనుకున్నారు. 3.2 కోట్ల పాస్‌వర్డులు బియ్యం బియ్యంగానే వీధిన పడ్డాయి.

హైదరాబాదులో వెబ్ డెవలపరుగా ఉన్న మా మేనల్లుడితో ఈ గోడు చెప్పుకున్నాను. అమీర్‌పేటలో మూడు నెలల్లో ‘ఫుల్ స్టాక్’ అయినవాడు.

“మా సైట్లో అలాక్కాదు మామయ్యా, ఎన్‌క్రిప్ట్ చేసేశాం. చూడు, ఏమన్నా అర్థమవుతోందా?” అని ల్యాప్‌టాప్ తిప్పాడు.

అర్థంకాని అక్షరాల వరస. చివర రెండు ‘=’ గుర్తులు, గుడి ముందు ద్వారపాలకుల్లా. బేస్64! చిన్నప్పుడు మనం పెద్దవాళ్ళకు తెలియకూడదని మాట్లాడుకున్న ‘క’ భాష లాంటిదన్నమాట. అందులో తాళమూ లేదు, తాళంచెవీ లేదు. తిరగరాయడం వచ్చిన ఎవడైనా చదువుకోవచ్చు.

“ఇదెక్కడ నేర్చుకున్నావురా?”

“గూగుల్లో మొదటొచ్చిందే కాపీ కొట్టాను. రిసోర్సులకేం కొదవ మామయ్యా?” అంటూ బ్రౌజర్లో ‘యూజ్‌ఫుల్ లింక్స్’ అనే ఫోల్డరు తెరిచాడు. కిందికి లాగుతుంటే చెయ్యి నొప్పెట్టింది. పుస్తకం హస్తభూషణమన్నారు పెద్దలు. బుక్‌మార్కు బ్రౌజరు భూషణం.

నిజానికి ఆ ఫోల్డర్లో ఉన్నవి మామూలు సరుకా? వెబ్ రాసేవాడికి నిఘంటువనదగ్గ మొజిల్లా వారి ఎండీఎన్ ఉంది. పాస్‌వర్డు ఎలా దాచాలో ఒక్క పేజీలో చెప్పే ఓవాస్ప్ చీట్‌షీట్ ఉంది. ఇప్పుడైతే ఆర్గాన్2 అనే రుబ్బుడు పద్ధతి వాడమని అది పేరు పెట్టి మరీ చెబుతుంది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డాన్ బోనే చెప్పిన క్రిప్టోగ్రఫీ పాఠాలున్నాయి. క్రిప్టోపాల్స్ అభ్యాసాలూ ఉన్నాయి. వాటిలో మొట్టమొదటి లెక్కే హెక్స్‌ను బేస్64లోకి మార్చడం. ఆ ఒక్కటి చేసినా అది రహస్యం కాదనీ, వేషం మార్చడమేననీ తెలిసేది. అన్నీ చదువుకోవడానికి పైసా ఖర్చు లేదు. బహుశా అదే వాటి ఖర్మ. అరవై వేలు ఫీజు పెట్టుంటే క్యూ కట్టేవాళ్ళం.

“నెట్లో అందరికీ తెలిసిన పద్ధతి వాడితే హ్యాకర్లకూ తెలిసిపోదా? అందుకే మా సీనియర్ సొంతంగా ఓ ఆల్గారిథమ్ రాస్తున్నాడు” అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

పద్ధతి శత్రువు చేతిలో పడినా ఫరవాలేదు, తాళంచెవి పడకపోతే చాలు అని 1883లోనే కెర్క్‌హాఫ్స్ అనే పండితుడు రాశాడు. ఎక్కడ? ఫ్రాన్సులో ఒక మిలిటరీ పత్రికలో! మిలిటరీ గ్రేడంటే అసలది. ఇప్పుడు ఆ పేరుతో అమ్ముతున్న ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కూడా ఏ కోట గోడల వెనకా పుట్టలేదు. 1997లో అమెరికా బహిరంగంగా పోటీ పెడితే 15 నమూనాలు బరిలో నిలిచాయి. ప్రపంచంలోని పండితులంతా వాటిని చీల్చి చెండాడాక ఇద్దరు బెల్జియం వాళ్ళది నెగ్గి, 2001లో ప్రమాణమైంది. తాతయ్య పొద్దున్నే వాట్సాప్‌లో పంపే గులాబీల శుభోదయానికీ కాపలా అదే ఏఈఎస్. మరి దాన్ని శుభోదయం గ్రేడ్ అని ఎవరూ అనరేం?

చివరి అస్త్రంగా వాడు అడ్రసు పట్టీ చూపించాడు. “హెచ్‌టీటీపీఎస్ ఉందిగా మామయ్యా, తాళంబొమ్మ కూడా ఉంటుంది!” ఆ తాళం దారికి, ఇంటికి కాదు. మీ ఫోను నుంచి వాళ్ళ సర్వరు దాకా దోవలో ఎవడూ తొంగిచూడకుండా అది కాస్తుంది. చేరాక లోపల ఏం చేస్తారో దానికి పట్టదు. దొంగ సైట్లకూ ఆ తాళం ఉచితంగానే దొరుకుతుంది. జనం దాన్ని చూసి సైటే మంచిదనుకుంటున్నారని 2023లో క్రోమ్ వాళ్ళు ఆ బొమ్మే తీసేశారు. వాడి ఫోల్డర్లో ఆ సంగతి చెప్పే లింకు కూడా ఉండే ఉంటుంది.

మీరూ ఈ రాత్రి ఓ పని చెయ్యండి. ఎప్పుడో చేరి మరిచిపోయిన రెండు మూడు సైట్లలో ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కి చూడండి. కొత్తది పెట్టుకోమని లింకు వస్తే సరే. మీ పాత పాస్‌వర్డే నవ్వుతూ తిరిగొస్తే మాత్రం అక్కడ ఖాతా మూసేసి, అదే పాస్‌వర్డు ఇంకెక్కడెక్కడ పెట్టారో అక్కడల్లా పడుకునే లోపే మార్చుకోండి.