తోక తెగిన వంశగౌరవం

కుక్క తోక వంకరని తేల్చేసి మన పెద్దలు ఆ సంగతి అక్కడితో వదిలేశారు. దొరలు అలా వదిలే రకం కాదు. వంకర తీయడం చేతగాకపోతే తోకనే తీసేస్తే పోలా అనుకున్నారు. తీసేసి, మిగిలిన మొండికి కొలతలు రాసి, దానికి బ్రీడ్ స్టాండర్డ్ అని పేరు పెట్టారు. ఆ స్టాండర్డ్ సముద్రాలు దాటొచ్చి, కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి, ఇప్పుడు హనుమకొండ అపార్ట్‌మెంట్లలో లిఫ్టెక్కింది.

కుక్కపిల్లను కొనడానికి వచ్చినవాడి చూపు దాని మొహం మీద కంటే వెనకాలే ఎక్కువ నిలుస్తోంది. "తోక ఇంత పొడుగుంది, ఇది ఒరిజినలేనా అన్నా?" అని అనుమానం. "నువ్వు ఫికర్ చేయకు, కటింగ్ చేయించే ఇస్త" అని అమ్మేవాడి అభయం. పాపకు చెవులు కుట్టించాలంటే మంచిరోజు చూసి, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, అది కేరుమంటే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతాం. అదే మనం, కూనకు ఎముకతో సహా తోక కోయించి, దాని ఫొటోకు వచ్చిన లైకులు లెక్కపెట్టుకుంటాం. కోత మామూలుగా పుట్టిన మొదటి వారంలోనే అయిపోతుంది. కుక్కపిల్ల కళ్లు తెరిచేది రెండో వారంలో. కోసిందెవరో అది చూడలేదు కాబట్టి సాక్ష్యం చెబుతుందన్న భయం కూడా లేదు.

ఈ ఫ్యాషన్‌కు రాజముద్ర వేయించిన కుక్క పెంబ్రోక్ వెల్ష్ కార్గి. 1933లో డూకీ అనే కార్గి బ్రిటన్ రాజకుటుంబంలో అడుగుపెట్టింది. 1944లో ఎలిజబెత్‌కు పద్దెనిమిదో పుట్టినరోజు కానుకగా సూసన్ వచ్చింది. ఆ తర్వాత రాణిగారు పెంచినవి ముప్పై పైచిలుకు. సోఫా ఎక్కకముందు మాత్రం వీటి వృత్తి వేల్స్‌లో పశువుల్ని తోలడం. భుజం దగ్గర కొలిస్తే పది పన్నెండు అంగుళాల ఎత్తు. ఆవు మడమ కొరికి, అది తన్నేలోగా నేలకు కరుచుకుపోవడం వీటి విద్య. పొట్టి కాళ్లు అందుకే. ఇంతవరకూ న్యాయంగానే ఉంది. మరి తోకేమైంది? ఉంటే ఆవులు తొక్కుతాయి కదా అంటారు పండితులు.

ఆ వాదన పక్క ఊళ్లోనే వీగిపోతుంది. అదే వేల్స్‌లో, అదే పని చేసిన, అంతే పొట్టి కాళ్ల కార్డిగన్ కార్గికి నక్కతోకలాంటి నిండు తోక ఉంది. 1934 దాకా ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్బు రెండింటినీ ఒకే జాతి కింద రాసుకుని, ఆ ఏడాదే విడదీసింది. అంటే పెంబ్రోక్‌షైర్ ఆవులు కళ్లు మూసుకుని నడిచేవి, కార్డిగన్‌షైర్ ఆవులు చూసి చూసి అడుగేసేవి అని మనం నమ్మాలి. నక్కతోక తొక్కితే అదృష్టం పడుతుందంటారు మనవాళ్లు. పాపం, కార్డిగన్‌షైర్ ఆవులకు ఆ యోగం కూడా లేనట్టుంది.

కోయాలని నిశ్చయించుకున్నాక కారణాలకేం కరువు? ఒకటో శతాబ్దపు రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా, నలభై రోజుల పిల్లకు తోక కొసను పళ్లతో కొరికి తీసేస్తే పిచ్చి పట్టదని రాశాడు. కొరకాల్సింది మనిషే. ఇందులో పిచ్చి ఎవరికి పట్టిందో ఆయన చెప్పలేదు. తర్వాత ఇంగ్లండులో తోక తెగిన కుక్కకు పన్ను పడదనే కథ నడిచింది. పన్ను పోయింది, కోత పోలేదు. ఇప్పటి మాట గాయాలు: తోక ఉంటే దెబ్బ తగులుతుంది కాబట్టి ముందే తీసేయాలట. బ్రిటన్ పశువైద్య పరిశోధకులు 2010లో ఆ లెక్కా తీశారు. ఒక్క తోక గాయాన్ని తప్పించాలంటే సుమారు 500 కుక్కల తోకలు కోయాలి. ఒక కుక్కకు ఎప్పుడో తగలబోయే దెబ్బను 500 కుక్కలకు ముందుగానే తగిలించేయడం. ముందుచూపంటే ఇదీ.

స్టాండర్డ్ అంటే శిలాశాసనం అనుకునేవాళ్లు 2007 సంగతి తెలుసుకోవాలి. ఆ ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అందం కోసం తోక కోయడం నేరమైంది. కొన్ని రకాల పనికుక్కలకే మినహాయింపు. ఆకాశమేమీ ఊడిపడలేదు. ఇప్పుడు అక్కడి పెంబ్రోక్ స్టాండర్డ్‌లో కోయని తోకకూ దర్జాగా చోటుంది. అట్లాంటిక్ దాటితే అమెరికన్ కెన్నెల్ క్లబ్బు మాత్రం వీలైనంత పొట్టిగా కోయమనే చెబుతోంది. రెండంగుళాల దాకా ఓర్చుకుంటుంది గానీ, అది పైకి లేస్తే వెన్నుగీత చెడిందని నొసలు చిట్లిస్తుంది. లండన్‌లో లక్షణమైన తోక న్యూయార్క్‌లో లోపం. ఆ కుక్క విమానమెక్కితే ఏ అల మీద ఉండగా లోపం మొదలవుతుందో మన కెన్నెల్ మేధావులే చెప్పాలి.

కోత తప్పించుకున్న జాతులకైనా సుఖం లేదు. తోక ఉంటే చాలదు, దాన్ని మోసే తీరుకూ రూలుంది. కార్డిగన్ నిలబడినప్పుడు తోక దించాలి, దూకుడుగా పరుగెత్తేటప్పుడు వెనక్కి చాచాలి, ఉత్సాహమొస్తే ఎత్తవచ్చు, వీపు మీదికి మాత్రం చుట్టకూడదు. బోర్డర్ కోలీ తోకను వీపు మీదికి ఎత్తిందా, దాన్ని 'గే టెయిల్' అంటారు, మార్కులు కోస్తారు. సంతోషం ఎక్కువైతే మార్కులు తగ్గే పరీక్ష ఇదొక్కటే కాబోలు. కుక్కతో నిజంగా పని ఉన్నవాళ్లకు ఈ గొడవ పట్టలేదు. 1906లో పుట్టిన అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ గొర్రెల్ని తోలే నేర్పునే చూసింది. 1995లో అమెరికన్ కెన్నెల్ క్లబ్బు బోర్డర్ కోలీని తన జాతుల్లో కలుపుకుంటుంటే, వద్దు మొర్రో అని అడ్డుపడింది ఆ కుక్కలతో మందలు కాయించుకునేవాళ్లే.

మనకూ పనికుక్కలున్నాయి. కొల్లేటి వైపు బాతుల మందల్ని కాసిన జోనంగి ఉంది, పత్తికొండ దగ్గర కాపలాకు పేరుపడ్డ పందికోన కుక్క ఉంది. ఐనవోలు మల్లన్నకు మొక్కే గొల్లకురుమల మంద వెంట నడిచే కుక్కను చూడండి. దాని తోక ఎన్ని డిగ్రీలు లేచిందని ఎవరూ కొలవరు. రాత్రి అలికిడికి లేస్తుందా, గొర్రెపిల్ల జోలికి పోకుండా ఉంటుందా, ఇవే ప్రశ్నలు. ఈ స్టాండర్డ్‌కు పుస్తకం లేదు, జడ్జి లేడు, కప్పు లేదు. తప్పిన కుక్కకు మందలో చోటూ లేదు.

ఇంతకీ తోక దేనికి? మొండి కాని తోకలో ఇరవై దాకా వెన్నుపూసలుంటాయి. అది వెన్నెముకకు కొనసాగింపు, మనం ఊడబీకడానికి తగిలించిన జెండా కాదు. కుక్క యజమానిని చూసినప్పుడు తోక ఎక్కువగా కుడివైపు ఊగుతుందనీ, బెదిరించే కొత్త కుక్కను చూస్తే ఎడమవైపనీ 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు చూపించారు. 2008లో కెనడాలో ఒక మరకుక్కకు పొడుగు తోకా పొట్టి తోకా మార్చి మార్చి తగిలించి చూశారు. పొడుగు తోక ఊగుతుంటే మిగతా కుక్కలు ధైర్యంగా దగ్గరికొచ్చాయి. పొట్టి తోకైతే ఊగుతోందో లేదో వాటికి అంతుబట్టలేదు. తోక కోయించి, ఆ తర్వాత మా కుక్క ఎవరితోనూ కలవదండీ అని వాపోయేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

పుట్టుకతోనే పొట్టి తోక వచ్చే కార్గిలూ ఉన్నాయి. అది ఒక జన్యువులోని మార్పు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అదే వస్తే పిండం బతకదు. బ్రూస్ కట్టనాక్ అనే బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త 1990లలో తన బాక్సర్ కుక్కలను కార్గితో దాటించి, కొన్ని తరాల్లోనే చూడటానికి అచ్చమైన బాక్సర్లను, పుట్టు పొట్టి తోకతో సహా తయారుచేశాడు. కెన్నెల్ క్లబ్బు వాటిని రిజిస్టరు కూడా చేసుకుంది. స్వచ్ఛమైన రక్తమని మీసం మెలేసేవాళ్ల కళ్లముందే కార్గి మనవడు బాక్సరై షో రింగులో నడిచాడు.

మన చట్టం సంగతీ చూద్దాం. జంతువు అంగాన్ని వికృతం చేయడం క్రూరత్వమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను చెబుతోంది. పశువుల కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, ముక్కుతాడు వేయడం లాంటివాటికి మినహాయింపులిచ్చింది. ఆ జాబితాలో కుక్క తోక లేదు. అయితే మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఇవాళ హనుమకొండలో ఆ డబ్బుకు మిర్చి బజ్జీల ప్లేటు కూడా గ్యారంటీ లేదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడం ఎంత భద్రమో, ఈ సెక్షను పట్టుకుని కుక్క తోకను కాపాడటమూ అంతే.

మనది విరిగిన శిల్పాల ఊరు. ఖిలా వరంగల్‌కు చుట్టాలను తీసుకెళ్లి, తెగిన చేతులూ పగిలిన ముక్కులూ చూపించి, 1323లో వచ్చిన ఢిల్లీ సైన్యాన్ని ఇప్పటికీ తిట్టిపోస్తాం. ఇంటికొచ్చి డాబర్‌మన్ చెవులకూ రాట్‌వీలర్ తోకకూ అపాయింట్‌మెంట్ తీసుకుంటాం. ఆ సైనికులు కనీసం అందం కోసం పగలగొట్టామని చెప్పుకోలేదు.

కత్తి పట్టినవాణ్ణి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. వాడు మనం అడిగిందే కోస్తున్నాడు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు కాబట్టి వయసు అడగండి. తల్లిని చూపించమనండి. రెండు పొరల బొచ్చున్న కార్గి మన రోహిణి కార్తెను తట్టుకుంటుందా అని మిమ్మల్ని మీరు అడుక్కోండి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉన్న ఊళ్లో సలహా చెప్పేవాళ్లకు కొదవ లేదు. తోక విషయంలో మాత్రం అడగాల్సింది ఒక్కటే, ఉందా లేదా అని. ఉంటేనే కొనండి.